అద్దంలో కదిలే కాలు

బాపట్ల నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నా దగ్గరకొచ్చి పది రోజులైంది. పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు. సంగతి మాత్రం ఆవిడ మాటల్లోనే చదవండి.

"అక్కయ్యగారికి నమస్కారాలు. మావారికి మూడు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. గుంటూరు తీసుకెళ్ళాం, ప్రాణం దక్కింది. చెయ్యి కాస్త నయం. కాలే, పాదం పైకి లేవదు. నేలకి రాసుకుంటూ ఈడుస్తారు. మొన్న ఒకాయన ఇంటికొచ్చి అద్దంతో చేసే వైద్యం ఉందన్నాడు. అద్దంపెట్టెకీ, పదిహేను రోజులు నేర్పడానికీ కలిపి పద్దెనిమిది వేలట. పదహారో రోజున మీవారు చేతికర్ర లేకుండా గుమ్మం దిగుతారు, నాదీ పూచీ అన్నాడు. పెద్దమ్మాయి పెళ్ళికని దాచిన గాజులున్నాయి. తాకట్టు పెట్టమంటారా? అద్దం చూసుకుంటే కాలొస్తుందా అక్కయ్యా? మా అత్తయ్యగారు ఇదంతా కనికట్టు అంటున్నారు."

ముందు గాజుల సంగతి చెప్పేస్తాను. అవి బీరువాలోంచి బయటికి రానక్కర్లేదు. ఎందుకో కింద చెబుతాను.

ఇక మీ అత్తయ్యగారి మాట. ఆవిడ తెలివైన మనిషి. ఇది కనికట్టే. కాకపోతే ఈ కనికట్టు మనుషుల్ని మోసం చెయ్యడానికి కాదు, మెదడుకి గుర్తుచెయ్యడానికి. దీన్ని నేను పుస్తకాల్లో చదవక ముందే రేపల్లెలో మా పిన్ని ఇంట్లో కళ్ళారా చూశాను. అందుకే మీ ఉత్తరానికి రెండు ముక్కల్లో జవాబు రాసి ఊరుకోలేకపోతున్నాను.

మా పిన్ని రేపల్లెలో ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లు కుడుతుంది. తొక్కుడు మిషను. ఆ వీధిలో పెళ్ళి కుదిరిందంటే ముందు పిన్ని ఇంటికే గుడ్డ వచ్చేది. రెండేళ్ళ క్రితం ఒక రాత్రి, అన్నాలు తిన్నాక, ఎడమ చెయ్యి తిమ్మిరెక్కిందంది. మూతి కొంచెం పక్కకి పోయిందని కోడలు గమనించింది కూడాను. బాబాయి "గాలి చేరి ఉంటుంది, పడుకో, తెల్లారాక చూద్దాం" అన్నాడు. తెల్లారేసరికి ఎడమ కాలు కూడా పడిపోయింది.

ఆ రాత్రి మాట తలుచుకుని బాబాయి ఇప్పటికీ కుమిలిపోతుంటాడు. నేను ఆయన్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి! రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే ఆ గడ్డని కరిగించే ఇంజెక్షను ఉంది. అది మొదలైన నాలుగున్నర గంటల్లోపే చెయ్యాలి. ముందు తలకి స్కాను తీసి, రక్తం కారిందా గడ్డ కట్టిందా అని తేల్చుకున్నాకే చేస్తారు. అంటే ఇంట్లో మనం పోగొట్టే ప్రతి గంటా ఆ నాలుగున్నరలోంచి పోయేదే. మూతి వంకర పోయినా, చెయ్యి ఎత్తి నిలపలేకపోయినా, మాట ముద్దగా వచ్చినా గడియారం చూసి టైము గుర్తుపెట్టుకుని 108కి ఫోను చెయ్యండి. మంచినీళ్ళు కూడా పట్టకండి, కొరపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మర్నాడు గుంటూరు తీసుకెళ్ళి, పదకొండు రోజులుండి ఇంటికి తీసుకొచ్చాం. అప్పటి నుంచీ చూడండి సలహాలు! ఒకరు పసరు అన్నారు, ఒకరు నూనె అన్నారు. ఒక పెద్దమనిషి పావురాన్ని కోసి దాని నెత్తురు కాలికి రాయమన్నాడు. 'పక్షవాతం'లో పక్షం అంటే ఒక వైపు అని అర్థం, పక్షి కాదు. ఆ పాపిష్టి పావురాలు ఏం చేశాయో గాని మన ఊళ్ళల్లో వాటికి ఈ గండం ఇంకా తప్పలేదు. జబ్బు ఉన్నది కాల్లో కాదు, తలలో. ఎడమ కాలు కదిలించే అధికారం మెదడు కుడి భాగానిది. కుడి కాలుకి ఎడమ భాగం. అక్కడ దెబ్బ తగిలితే కాలికి కబురు అందదు. కాలికి ఎంత నెత్తురు రాస్తే మాత్రం తలకి ఏం తెలుస్తుంది?

ఇంటికొచ్చాక పదిహేను రోజులకి ఇంకో తంటా. కోడలు పెట్టిన అన్నం పిన్ని సగమే తినేది. పప్పు, బెండకాయ వేపుడు తిని, దోసకాయ పచ్చడి, పెరుగు అట్లాగే వదిలేసేది. "ఏం అత్తయ్యా, బాగాలేదా?" అంటే "నువ్వు పచ్చడి పెట్టందే" అనేది. ఆ పిల్ల వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకునేది. నేను వెళ్ళిన రోజు కూడా అదే జరిగింది. పిన్ని తిన్నదంతా కంచంలో కుడివైపుది. వదిలేసిందంతా ఎడమవైపుది. కంచాన్ని మెల్లిగా ఇటు తిప్పాను. "అదేంటే, పచ్చడి ఉందే!" అని ఆ సగమూ తినేసింది.

ఆమె కళ్ళు బాగానే ఉన్నాయి. ఎడమ పక్కన ప్రపంచం ఉందన్న సంగతే మెదడు మర్చిపోయింది. కుడి మెదడు దెబ్బతిన్నవాళ్ళలో ఇది తరచుగా కనబడుతుంది. తలకి ఎడమవైపు దువ్వుకోరు, ఎడమ చెప్పు తొడుక్కోవడం మర్చిపోతారు, ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుంటుంది. మీ ఇంట్లో ఎవరైనా ఇట్లా ఉంటే మొండితనం అనుకోకండి. మీ వంటని కూడా తప్పుపట్టుకోకండి.

ఈ కంచం సంగతి చెప్పాకే తెనాలి ఫిజియోథెరపీ అమ్మాయి అద్దం మాట ఎత్తింది. రేపల్లె నుంచి పొద్దున పాసింజరులో పిన్నిని తెనాలి తీసుకొచ్చేవాళ్ళం, వారానికి రెండు రోజులు. రైలు ఎక్కించడానికి ఒకరు, దించడానికి ఇద్దరు. ఆ అమ్మాయి, "అమ్మగారికి ఎడమ పాదం కొంచెం కూడా లేవడం లేదు. ఎడమవైపు చూపూ పోవడం లేదు. అద్దంతో చేసి చూద్దామా?" అంది. నాకు నవ్వొచ్చింది. బొట్టు పెట్టుకునే అద్దానికీ, లేవని కాలికీ ఏమిటి సంబంధం?

సంబంధం కనిపెట్టినాయన మనకి మరీ పరాయివాడు కాదు. డాక్టర్ వి. ఎస్. రామచంద్రన్ అని, 1951లో తమిళనాడులో పుట్టారు. మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి, కేంబ్రిడ్జి వెళ్ళి, తర్వాత అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాండియాగో శాఖలో స్థిరపడ్డారు. రాజ్యాంగం రాసినవాళ్ళల్లో ఒకరైన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు గారు ఈయనకి తాతగారు. ఆ తాతగారు పుట్టింది మన నెల్లూరు జిల్లాలో.

చెయ్యి తీసేసిన వాళ్ళకి, లేని చెయ్యి ఉన్నట్టే అనిపిస్తుందట. ఉన్నట్టు అనిపించడమే కాదు, ఆ లేని పిడికిలి బిగుసుకుపోయి గోళ్ళు దిగుతున్నట్టు నొప్పి కూడా. లేని చేతికి ఏ మందు రాస్తాం? రామచంద్రన్ గారు ఒక పెట్టెలో నిలువుగా అద్దం పెట్టి, మంచి చేతిని అద్దం ముందు ఉంచి చూడమన్నారు. అద్దంలో రెండో చెయ్యి కనబడింది. మంచి పిడికిలి తెరిస్తే అద్దంలో పిడికిలీ తెరుచుకుంది. కొంతమందికి బిగిసిన నొప్పి అక్కడికక్కడే సడలింది. ఆ పరిశోధన 1996లో అచ్చయింది. అదే అద్దాన్ని పక్షవాతం వచ్చిన చేతుల మీద ప్రయత్నించిన సంగతి 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అందులో ఉన్నది తొమ్మిది మందే. చిన్న ప్రయత్నమే గాని, దారి చూపించింది.

ఎట్లా పనిచేస్తుందంటే, పడిపోయిన కాలుకి మెదడు "కదులు" అని చెబుతుంది. కాలు కదలదు. కళ్ళు చూసి "కదల్లేదు" అని మెదడుకి తిరిగి చెబుతాయి. రోజుకి వందసార్లు ఇదే జరిగితే, "ఇక చెప్పి లాభం లేదు" అని మెదడే అడగడం మానేస్తుందని రామచంద్రన్ గారి ఊహ. అద్దంలో కాలు కదలడం కనబడితే, ఆ "లేదు" అన్న జవాబు "అవును" అవుతుంది. కదలికని చూస్తున్నప్పుడు, కదలికని నడిపించే మెదడు భాగాలు కూడా కొంత మేలుకుంటాయి. దీని లోపలి సంగతి మీద శాస్త్రజ్ఞుల్లో ఇంకా వాదాలున్నాయి లెండి. మనకి కావలసింది ఫలితం.

పిన్ని మొదటి రోజు గుర్తుంది. కుర్చీలో కూర్చోబెట్టి, రెండు కాళ్ళ మధ్యా అద్దం నిలబెట్టి, మెరిసే వైపు కుడి కాలుకి ఉంచారు. ఎడమ కాలు అద్దం వెనక దాగిపోయింది. పిన్ని అద్దంలోకి చూస్తే, ఎడమ కాలు ఉండాల్సిన చోట ఇంకో కాలు. పసుపు రాసిన పాదం, మెట్టెలు, అచ్చం తనదే. "అమ్మగారూ, మిషను తొక్కినట్టు మెల్లిగా తొక్కండి" అంది ఆ అమ్మాయి. మడమ కింద ఆనించి వేళ్ళు పైకి, మళ్ళీ కిందకి. పిన్ని కుడి పాదం ఆడించింది. అద్దంలో ఎడమ పాదం ఆడింది.

"నా కాలే! కదులుతోందే అమ్మాయ్!" అని గట్టిగా అరిచింది. నాకూ ఒళ్ళు జలదరించింది. వెంటనే వంగి అద్దం వెనక్కి తొంగి చూసింది. అసలు కాలు పెట్టిన చోటే పెట్టినట్టు ఉంది. అంతే, ఏడుపు. ఆ రోజు ఇంక చెయ్యలేదు. ఈ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మీరు మీవారికి మొదలుపెట్టేముందు చెప్పండి: "అద్దంలో కనబడేది మంచి కాలే. వెనకున్న కాలు ఇప్పుడే లేవదు. లేచినట్టు చూస్తూ, లేపాలని లోపల ప్రయత్నం చెయ్యండి" అని.

రోజుకి అరగంట, వారానికి అయిదు రోజులు. మిగతా కసరత్తులు ఎప్పటిలాగే. మూడో వారంలో ఒక పొద్దున, పాదం మీద నరం లాంటిది ఒకటి సన్నగా లేచి పడింది. కోడలు చూసి నన్ను ఫోనులో పిలిచింది. ఫోను పాదం దగ్గర పెట్టి చూపించింది. బల్లితోక కదిలినంత. ఆ ఇంట్లో ఆ రోజు పరమాన్నం వండారు.

మరి ఇప్పుడు పిన్ని నడుస్తోందా అంటే, నడుస్తోంది. చేతికర్రతో. బయటికి వెళితే పాదం జారకుండా ప్లాస్టిక్ పట్టీ చెప్పు కట్టుకుంటుంది. పాదం కొంత లేస్తుంది, మునుపటంత కాదు. రెండు కాళ్ళతో మిషను తొక్కలేకపోతోంది. దానికి మోటారు పెట్టించారు, కుడి కాలితో నొక్కుతుంది. ఎడమ చేతివేళ్ళు ఇంకా పూర్తిగా స్వాధీనంలో లేవు కాబట్టి జాకెట్లు మానేసి, పరికిణీలు, దిండు గలీబులు కుడుతోంది. ఇందులో అద్దం చేసినదెంత, కసరత్తు చేసినదెంత, కాలం చేసినదెంత అని నేను విడదీసి చెప్పలేను. ఒక్క మనిషిని చూసి ఎవరూ చెప్పలేరు.

అందుకే డాక్టర్లు చాలామందిని రెండు జట్లుగా చేసి చూస్తారు. సరిగ్గా మీవారి లాంటి కాళ్ళ మీదే టర్కీ దేశంలో ఒక పరిశోధన జరిగింది, 2007లో అచ్చయింది. నలభై మంది. అందరికీ పక్షవాతం వచ్చి ఏడాది లోపే. అందరిదీ పాదం పైకి లేవని పరిస్థితే. అందరికీ మామూలు కసరత్తులు చేయించారు. సగంమందికి మాత్రం రోజుకి అరగంట అద్దం ముందు మంచి పాదం ఆడించే పని అదనం. వారానికి అయిదు రోజులు, నాలుగు వారాలు. ఆరు నెలల తర్వాత చూస్తే అద్దం జట్టువాళ్ళకి కాలి కదలిక, సొంత పనులు చేసుకునే శక్తి రెండో జట్టు కన్నా మెరుగ్గా ఉన్నాయి.

అయితే అదే పరిశోధనలో ఇంకో మాట ఉంది. ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు. కాలి బిగువు తగ్గడంలో గాని, ఎవరి సాయం లేకుండా నడవడంలో గాని రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చూశారా? కాలికి కదలిక తేవడానికి అద్దం సాయం చేసింది. నడక మాత్రం లేచి నిలబడి, అడుగు వేసి నేర్చుకోవాల్సిందే. పదహారో రోజున కర్ర పారేస్తారని పూచీ ఇచ్చేవాడికి ఆ పూచీ ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలియదు.

మన దేశంలోనూ చేశారు. ఢిల్లీలో పండిత దీనదయాళ్ ఉపాధ్యాయ పేరు మీదున్న వికలాంగుల సంస్థలో అద్దం ముందు వట్టిగా పాదం ఆడించడం కాకుండా బంతి దొర్లించడం, ఊగే పలక తొక్కడం లాంటి పనులు చేయించారు. కాలి కదలికా, నడిచే తీరూ మెరుగైనట్టు 2019లో అచ్చయిన వాళ్ళ నివేదికలో ఉంది. పని చూపిస్తే కాలుకి త్వరగా బుర్ర వస్తుందన్నమాట. పిన్నికి మిషను గుర్తుచేసిన తెనాలి అమ్మాయి తెలివి అదే. ఇక లుధియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీవాళ్ళు, పిన్నిలాగా ఒక పక్కని మర్చిపోయే నలభై ఎనిమిది మందిని తీసుకుని, వాళ్ళల్లో ఒక జట్టుకి అద్దంతో చేయించారు. అది 2014లో వచ్చింది. ఆ జట్టుకి ఆ మరుపు తగ్గింది. ప్రపంచమంతా జరిగినవాటిని 2018లో కోక్రేన్ అనే సంస్థవాళ్ళు ఒకచోట చేర్చి చూశారు. 62 పరిశోధనలు, 1982 మంది మనుషులు. ఎక్కువభాగం చేతుల మీద చేసినవే. మిగతా కసరత్తులకి తోడుగా చేస్తే కదలిక, రోజువారీ పనులు కొంత మెరుగవుతాయని తేల్చారు. 'కొంత' అన్న మాట గట్టిగా పట్టుకోండి. అది తక్కువేం కాదు. పాదం అంగుళం లేస్తే బాత్‌రూం గడపకి తగలకుండా ఉంటుంది. పడకుండా ఉంటే తుంటి ఎముక దక్కుతుంది.

ఇప్పుడు అద్దం సంగతి. పద్దెనిమిది వేలు అక్కర్లేదు. మీ బాపట్లలో అద్దాలు కోసి ఫ్రేములు కట్టే షాపుకి వెళ్ళి, అడుగున్నర ఎత్తు, రెండున్నర అడుగుల పొడవు ఉన్న మామూలు అద్దం ముక్క తీసుకోండి. కొన్ని వందల్లో అయిపోతుంది. అంచులు అరగదీయించండి. వెనక పలక బిగించి, కింద రెండు చెక్కకాళ్ళు వేయించండి, పడిపోకుండా నిలబడాలి. పగిలితే గుచ్చుకుంటుందని భయమైతే పగలని అక్రిలిక్ అద్దం కూడా దొరుకుతుంది. బొమ్మ వంకరగా కనబడే నాసిరకం మాత్రం తీసుకోవద్దు. కాలు సాగినట్టు కనబడితే మెదడు నమ్మదు.

మీవారిని వీపు ఆనే కుర్చీలో కూర్చోబెట్టండి. పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి. ఆయనకి పడిపోయింది కుడి కాలు కాబట్టి, అద్దం మెరిసే వైపు ఎడమ కాలుకి ఉండాలి. కుడి కాలు అద్దం వెనక పూర్తిగా దాగాలి. తల కొంచెం ఎడమకి వంచి అద్దంలోకి చూస్తే, కుడి కాలున్న చోట కాలు కనబడాలి. పంచెగాని లుంగీగాని రెండు కాళ్ళకీ ఒకే ఎత్తున మోకాలి పైకి మడవండి. మంచి కాలికి నల్లతాడు కట్టి ఉంటే విప్పండి, లేదా రెండో కాలికీ కట్టండి. అద్దంలో తాడు కనబడి, అసలు కాలికి తాడు లేకపోతే "ఇది నాది కాదు" అని మెదడు పసిగట్టేస్తుందట. ఆడవాళ్ళకయితే మెట్టెలు రెండు పాదాలకీ ఉంటాయి కాబట్టి తియ్యనక్కర్లేదు. పచ్చబొట్టో, పెద్ద మచ్చో ఉంటే సాక్సులు తొడగండి.

మొదట రెండు నిమిషాలు ఏం చెయ్యకుండా ఊరికే చూడమనండి. తర్వాత మడమ ఆనించి వేళ్ళు పైకెత్తడం. వేళ్ళు ఆనించి మడమ ఎత్తడం. పాదాన్ని ముందుకి జరిపి వెనక్కి తీసుకోవడం. మోకాలు చాపి మడవడం. తడిగుడ్డని పాదంతో నేల మీద తుడవడం. అన్నీ మెల్లిగా. ఆయన ఏం పని చేసేవారో మీరు రాయలేదు. సైకిలు తొక్కేవారైతే సైకిలు, మోటారుసైకిలైతే గేరు, ఆ కాలికి అలవాటైన పని చేయించండి. చేస్తున్నంతసేపూ వెనకున్న కాలుని కూడా అదే చెయ్యమని మనసులో అడుగుతుండాలి. చేతనయినంత కదిపితే ఇంకా మంచిది. ఒకేసారి అరగంట కూర్చోలేకపోతే పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట.

టీవీ కట్టెయ్యండి. చూపు పక్కకి పోతే ఈ వైద్యం అక్కడితో ఆగిపోతుంది. ఆయన చూపు ఎక్కడుందో చూసేందుకు మీరో, పిల్లలో పక్కన ఉండాలి. పిన్ని కోడలు ఆ అరగంటలోనే కూరలు తరుక్కునేది, మధ్యమధ్యలో "అత్తయ్యా, అద్దంలోకి" అంటుండేది. వారం తిరిగేసరికి మనవడికి ఆ మాట అలవాటైపోయి, వాడు బడి నుంచి రాగానే "నాయనమ్మా, అద్దంలోకి" అని కేకేసేవాడు.

కళ్ళు తిరిగినా, వికారంగా ఉన్నా, చెమటలు పట్టినా అద్దం మీద దుప్పటి కప్పి ఆపెయ్యండి. మాట అర్థం కాని స్థితిలో, మరీ గందరగోళంలో ఉన్నవాళ్ళకి ఇది కుదరదు. కసరత్తు అయ్యాక కాలు తేలికైందని ఒక్కరే లేచి నిలబడబోతారు. అప్పుడు పడే ప్రమాదం ఉంది. చెయ్యి అందించే మనిషి లేకుండా లేవనివ్వకండి. షుగరు ఉంటే రోజూ రాత్రి రెండు పాదాల అడుగునా లైటు వేసి చూడండి, స్పర్శ లేని పాదానికి పుండు పడినా తెలియదు. బి.పి. బిళ్ళలు, రక్తం పలచబడే బిళ్ళలు "ఇప్పుడు బాగానే ఉన్నారుగా" అని మానిపించకండి. రెండోసారి వస్తే ఏ అద్దమూ సరిపోదు.

ఇవన్నీ మొదలుపెట్టేముందు ఒక్కసారి ఫిజియోథెరపీ తెలిసినవాళ్ళకి కాలు చూపించండి. గుంటూరు పెద్దాసుపత్రిలో ఆ విభాగం ఉంది. మీకు తెనాలి దగ్గరనిపిస్తే తెనాలికి రైళ్ళు బోలెడు. రోజూ తిరగనక్కర్లేదు. ఒకసారి నేర్చుకుని, పది పదిహేను రోజులకోసారి చూపిస్తే చాలు. అక్కడ అడగాల్సినవి కాగితం మీద రాసుకెళ్ళండి. పాదం పట్టీ అవసరమా? నిలబడే కసరత్తు ఎన్నిసార్లు? బిగువు ఎక్కువగా ఉంటే ఏది చెయ్యకూడదు? పూచీ ఇచ్చినాయన మళ్ళీ వస్తే, మీరు ఏం చదివారు, ఎక్కడ పనిచేస్తారు, మావారి కాలు ముట్టుకుని చూశారా అని మీ అత్తయ్యగారి చేత అడిగించండి. ఆవిడకే ఆ పని బాగా కుదురుతుంది.

ఇంకో మాట, అవసరమున్న ఇళ్ళవాళ్ళ కోసం. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో అంటుకుపోయినవారికి మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి నెలకి పదిహేను వేల పింఛను ఇస్తున్నారు. ధ్రువపత్రం కావాలి, డాక్టర్లు చూసి నిర్ణయిస్తారు. మీవారు నడుస్తున్నారు కాబట్టి మీకు అది వర్తించకపోవచ్చు. మీ సచివాలయంలో వికలాంగుల పింఛను సంగతి మాత్రం కనుక్కోండి.

మీవారికి మూడు నెలలే అయిందన్నారు. మొదటి ఆరు నెలల్లో కోలుకోవడం ఎక్కువగా ఉంటుంది. ఆ తర్వాత ఆగిపోతుందని కాదు, మెల్లిగా సాగుతుంది. కాబట్టి నా జవాబు కోసం మీరు ఎదురుచూసిన ఈ పది రోజులకి నాకు నిజంగా సిగ్గుగా ఉంది. ఆవకాయ జాడీలు ఆగేవి, మీ ఉత్తరం ఆగకూడదు.

పిన్ని అద్దం ఇప్పుడు రేపల్లెలో గోడకి ఆనించి ఊరికే ఉంది. మీ సంగతి చెబితే "ఆ అమ్మాయికి ఇచ్చెయ్యి" అంది. మా తమ్ముడు వచ్చే ఆదివారం రైల్లో తెనాలి తెస్తానన్నాడు. మీరు సరేనంటే అక్కణ్ణించి బాపట్ల చేర్చే పని నాది. అంచులు గుచ్చుకోకుండా చుట్టూ నీలంరంగు గుడ్డ కుట్టి ఉంటుంది. మోటారు పెట్టించాక పిన్ని మిషను మీద కుట్టిన మొదటి కుట్టు అదే. ఒకచోట కాస్త వంకర పోయింది, విప్పి మళ్ళీ కుడతానంటే నేనే వద్దన్నాను.